రెండు ఉడుములు, ఒక గిన్నె

సౌదీలో హుఫూఫ్ అనే ఊళ్ళో ఒక ఆస్పత్రి వంటశాలలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. నా పని వండడం కాదు, తూచడం. వార్డుకు వెళ్ళే ప్రతి ట్రేనూ తూచి పంపాలి, తిరిగి వచ్చాక మిగిలినదాన్ని తూచాలి, తేడాను రోగి చార్టులో రాయాలి. "తిన్నారా అని మనిషిని అడక్కండి. మొహమాటానికి తిన్నామనేస్తారు. ట్రేను అడగండి" అని కొత్తగా చేరిన అమ్మాయిలకు మొదటి రోజే చెప్పేదాన్ని. 2018 నాటికి అలా చేరిన అమ్మాయిలిద్దరూ సౌదీవాళ్ళే. స్థానికులకు ఉద్యోగాలివ్వాలన్న నితాఖాత్ నియమం కింద ప్రతి కంపెనీకీ ఒక రంగు ఉండేది. సౌదీ ఉద్యోగులు తగ్గితే కంపెనీ ఎరుపులో పడుతుంది, పడితే మాలాంటివాళ్ళ ఇఖామాలు, అంటే నివాస అనుమతి కార్డులు, రెన్యువల్ కావు. అందుకని నా పనిని వాళ్ళకు నేర్పడమే అప్పట్లో నా ఉద్యోగం. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నేను నేర్పిన సూత్రం మీదే ఇప్పుడు ఫిర్యాదు ఉంది.

నాకు అప్పుడు అరవై ఒకటి. మా వారు పోయి పదకొండేళ్ళయింది. ఆస్పత్రికి పావుగంట నడక దూరంలో పాత ఇల్లొకటి అద్దెకు తీసుకున్నాను. రెండు గదులు, ముందు చిన్న వాకిలి, చుట్టూ ఎత్తు గోడ. ఆ ఏళ్ళలో ఊరు కొంచెం కొంచెంగా ఖాళీ అవుతూ ఉండేది. వెళ్ళిపోయేవాళ్ళు తమ సామాన్లు ఉన్నవాళ్ళకు పంచి పోయేవారు. గ్యాస్ పొయ్యిలు, పరుపులు, పూలకుండీలు, పిల్లులు. నా వంతుకు ఉడుము వచ్చింది. 2016 ఫిబ్రవరిలో ఒక ఫిలిప్పీన్ నర్సు ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే దేశం వదిలి శాశ్వతంగా, పోతూ దాన్ని తెచ్చి నా వాకిట్లో పెట్టింది. "దీనికి ఎవరూ అక్కర్లేదు. వెచ్చగా ఉంటే చాలు" అంది. ఆ మాట నేను సగమే విన్నాను. తక్కువ పని పెట్టే జంతువన్నమాట అనుకున్నాను.

ఇసుక రంగు, వీపు మీద అడ్డ చారలు, మూరెడు తోక. అక్కడివాళ్ళు వరల్ అంటారు. ఇంటి యజమాని ముసలాయన అద్దెకు వచ్చినప్పుడల్లా దాన్ని చూసి తల అడ్డంగా తిప్పేవాడు. "దబ్ అయితే కూర వండుకోవచ్చు. దీన్ని ఏం చేసుకుంటావు?" అనేవాడు. దబ్ అంటే ముళ్ళతోక బల్లి, అక్కడ ఎడారివాళ్ళు తింటారు. ఉడుమును తినరు. ఏం చేసుకుంటానో నాకూ తెలియదు. కాని వారానికి మూడుసార్లు అరవై గ్రాముల చొప్పున కోడిమెడలు తరిగి పెట్టేదాన్ని, ఎంత తిన్నదీ నోటుబుక్కులో రాసేదాన్ని. ఇంట్లో ఇంకొక ప్రాణి భోజనం లెక్క రాయడం నాకు బాగుండేది.

మా వీధిలోనే జగిత్యాల వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉండేది. ఆయన ఏసీ మెకానిక్, మెయింటెనెన్స్ కంపెనీలో పని. భార్య, పదేళ్ళ కూతురు. మాది కోస్తా. నా మాట వాళ్ళకు సినిమా మాటలా ఉండేదట, వాళ్ళ మాట విని నేను మొదట్లో రెండోసారి అడిగేదాన్ని. ఒకసారి ఖర్జూర తోటలో మోటారు గది బాగుచెయ్యడానికి వెళ్తే, అక్కడి పనివాళ్ళు ఒక పిల్ల ఉడుమును పారతో కొట్టబోతున్నారట. ఆయన అడ్డుపడి, నీళ్ళ క్యాన్ కోసి అందులో పెట్టి ఇంటికి తెచ్చాడు. కూతురు దాన్ని పెంచింది. అట్టపెట్టెలో, ఆ తర్వాత స్నానాలగదిలో, చివరికి సగం ఇంట్లో. కూతురు గుడ్డు చేత్తో పట్టుకుంటే అది వచ్చి నాకేది. మా ఇంట్లో తూకం ఉందని తెలిసి ఆ అమ్మాయి నెలకోసారి దాన్ని సంచిలో వేసుకుని తెచ్చేది. నేను తూచేదాన్ని, తను అంకె చదివేది.

విదేశీ ఉద్యోగి ఇంట్లో ఉండే ఒక్కొక్క మనిషికి ప్రభుత్వం లెవీ, అంటే పన్ను, పెట్టింది 2017 జూలైలో. మొదటి ఏడాది నెలకు వంద రియాళ్ళు, రెండో ఏడాది రెండు వందలు. ఆ పైయేడు మూడు వందలని ముందే చెప్పారు. ఇఖామా రెన్యువల్ అప్పుడే ఏడాది మొత్తం కట్టాలి. ఆయన మొదటి ఏడాది కట్టాడు. రెండో ఏడాది కట్టలేకపోయాడు. భార్యనూ కూతురినీ పంపించేసి తాను కంపెనీ రూములోకి మారాలని నిర్ణయించుకున్నాడు. అప్పట్లో మా చుట్టుపక్కల సగం ఇళ్ళలో ఇదే నిర్ణయం.

రూములో ఎనిమిది మంది. ఉడుముకు చోటు లేదు. విమానంలో తీసుకుపోనివ్వరు. ఇంట్లో పెరిగిన ఉడుమును ఎడారిలో వదిలితే బతకదు. భార్య నా దగ్గరకు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, అడగాల్నంటె సిగ్గయితంది."

"అడగండమ్మా."

"మా పిల్ల రెండు దినాల సంది అన్నం ముట్టుత లేదు. దాన్ని ఎవ్వలకియ్యద్దు అంటది. అమ్మమ్మకైతే ఇస్త అంటది."

అమ్మమ్మ అంటే నేను. అంతకంటే ఏం కావాలి. "నా దాంతోపాటే ఉంటుంది. ఒకదానికి పెట్టే చేత్తో రెండోదానికి పెడతాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఆ 2018 సెప్టెంబరులోనే బట్టల దుకాణాల్లో సౌదీలే పనిచెయ్యాలన్న నియమం వచ్చింది. మా వీధి చివర రెడీమేడ్ దుకాణం మూతపడింది. దుకాణం వాళ్ళు అద్దాల కౌంటరును బయట పడేస్తే పిల్ల తండ్రి దాన్ని తోపుడుబండి మీద మా వాకిట్లోకి తెచ్చాడు. పద్నాలుగో తారీఖు, శుక్రవారం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పైన జాలీ బిగించాడు, అడుగున ఇసుక పోశాడు, ఒక మూల బల్బు పెట్టడానికి వైరు లాగాడు. నా పాత పెట్టెకంటే మూడు రెట్లు పెద్దది.

"రెండు బల్బులు పెట్టాల్నా అమ్మా? ఈ మూలకొకటి, ఆ మూలకొకటి. వైరు ఉన్నది."

నేను థర్మామీటరు పట్టుకుని నిలబడ్డాను. ఒక బల్బు కింద నలభై ఆరు డిగ్రీలు వచ్చింది. అవతలి మూల ఇరవై ఎనిమిది. పుస్తకం ప్రకారం ఒక వైపు వేడి, ఒక వైపు చల్లదనం ఉండాలి. రెండో బల్బు పెడితే చల్లని వైపు ఉండదు.

"ఒక్కటి చాలు" అన్నాను. "మధ్యాహ్నమంతా అక్కడ పడుకుంటాయి, తర్వాత ఇటు వస్తాయి."

"రెండు పక్కపక్కన పంటయా?"

"ఎందుకు పడుకోవు? స్థలం ఉందిగా."

ఆయన వైరు చుట్ట చుట్టి సంచిలో పెట్టేసుకున్నాడు. నేను కొలిచిన వేడి సరైనదే. ఆ వేడిలో ఇద్దరికి చోటుందా అన్నది కొలవలేదు.

పంతొమ్మిదో తారీఖు, బుధవారం సాయంత్రం రెంటినీ అందులో దింపాము. నాది పదకొండు వందల యాభై గ్రాములు, వాళ్ళది ఆరు వందల నలభై. రెండూ చెరో మూలకు పోయి నాలుకలు ఆడిస్తూ నిలబడ్డాయి. కొట్టుకోలేదు. ఆ పిల్ల అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు చూసి, "మంచిగున్నయి" అంది. మరునాడు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పదమూడు రోజులు రెండూ ఏమీ తినలేదు. నూట ఇరవై గ్రాములు పెట్టేదాన్ని, నూట ఇరవై తీసి పారేసేదాన్ని. కొత్త చోటికి మారిస్తే ఇలా జరుగుతుందని చదివాను. ముట్టుకోవద్దు, కదిలించవద్దు, నెల రోజులు తూకం కూడా వెయ్యవద్దు అని అందులోనే ఉంది. ఆస్పత్రిలో చేరినవాళ్ళూ మొదటి రోజుల్లో తినరు. మంచం కొత్త, వాసన కొత్త. అది నాకు బాగా తెలిసిన సంగతే. భయపడ్డాను గాని కంగారు పడలేదు. ఊరినుంచి ఆ పిల్ల రోజూ అడిగేది, ఇవాళ తిన్నదా అని. ఇంకా లేదమ్మా అనేదాన్ని. ఆ పదమూడు రోజులూ నేను చెప్పినదంతా నిజం.

అక్టోబరు రెండు, మంగళవారం. ఉదయం ఐదున్నరకు గిన్నె పెట్టి డ్యూటీకి వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి వచ్చేసరికి డెబ్బై గ్రాములు తగ్గింది. గురువారం తొంభై. శనివారానికి గిన్నె ఖాళీ. నాది మొదటినుంచీ అరవై తినేది, వాళ్ళది వాళ్ళింట్లో యాభై ఐదు, అరవై తినేదట. రెండూ కలిపితే నూట ఇరవై. పెట్టింది నూట ఇరవై. పోయింది నూట ఇరవై. అంతకంటే శుభ్రమైన లెక్క ఉండదు. ఆ రోజు ఊరికి ఫోను చేసి, "రెండూ తింటున్నాయి" అని చెప్పాను. అవతల ఆ పిల్ల ఎగిరిన చప్పుడు వినిపించింది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఒక ఫోటో, ఒక అంకె పంపేదాన్ని. ఈ వారం మూడు వందల అరవై. ఈ వారం మూడు వందల నలభై ఐదు.

శుక్రవారాలు పిల్ల తండ్రి వచ్చేవాడు. సెలవు రోజు కదా, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వచ్చేవాడు. గుడ్లు, అరటిపళ్ళు, ఒకసారి తోటలోంచి తెచ్చిన ఖర్జూరాలు. అద్దాల పెట్టె ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. తర్వాత నాతోపాటు భోజనం. అక్టోబరు ఇరవై ఆరున కూడా అలాగే కూర్చుని, పెట్టెను చూస్తూ అడిగాడు.

"మా పిల్లది ఎప్పుడు జూసినా ఆ మూలకే ఉంటది, ఏందమ్మా?"

"చల్లదనం ఇష్టమేమో. నాది పెద్దది, దానికి వేడి కావాలి."

"తింటందా?"

నేను నోటుబుక్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. తారీఖులు, పెట్టింది, మిగిలింది, తిన్నది. ఆయన పేజీలు మెల్లగా తిప్పాడు. చదివి తిరిగి ఇచ్చాడు. అన్నం తినేటప్పుడు ఉన్నట్టుండి తమ రూము సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

"మా రూముల ఎనిమిది మందిమమ్మా. గిన్నె ఒక్కటే. ముందుగాల వచ్చినోడు ముందు తింటడు. నాకేమో డ్యూటీ దిగేసరికి ఆలస్యమైతది. వచ్చి చూస్తే గిన్నె కడిగి బోర్లిచ్చినట్టు ఉంటది. మా మెస్సు లెక్క రాసేటాయన తెల్లారి ఏమంటడో ఎరుకేనా? 'రాత్రి కూర మంచిగ పోయిందిరా, అందరు కడుపు నిండ తిన్నరు' అంటడు."

నేను పగలబడి నవ్వాను. "ఆ లెక్క రాసేవాడు నా కింద పనిచేస్తే రెండో రోజే పంపించేసేదాన్ని" అన్నాను.

ఆయనా నవ్వాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు. నేను ఆయనకు ఇంకాస్త అన్నం వడ్డించాను, మీరు చిక్కిపోయారు, తినండి అని కూడా అన్నాను. మనిషి చిక్కడం కనిపించింది నాకు.

నవంబరులో చలి మొదలైంది. వాళ్ళది అసలు కదలడం మానేసింది. చలికాలంలో ఉడుములు మందగిస్తాయని పుస్తకంలో ఉంది. నాది మాత్రం బల్బు కింద కాళ్ళు నాలుగు వైపులా చాపి పడుకునేది. ఒళ్ళు చేసింది, పొట్ట ఇసుకకు ఆనుతోంది. కొత్త ఇల్లు కలిసొచ్చింది దీనికి అనుకున్నాను. తోక మొదట్లో కొవ్వు దాచుకుంటాయి అవి. వాళ్ళదాని తోక మొదలు సన్నబడిందా అని ఒకసారి అనుమానం వచ్చింది. నోటుబుక్కు చూసుకున్నాను. ఆ వారం మూడు వందల అరవై. అనుమానం పోయింది, తూకం వెయ్యలేదు.

డిసెంబరు మొదటి వారంలో నాకు జ్వరం వచ్చింది. డాక్టరు మూడు రోజులు సెలవు రాశారు. నాలుగో తారీఖు, మంగళవారం, తొమ్మిది గంటలకు గిన్నె పెట్టి, శాలువా కప్పుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెంటినీ ఒక్క పెట్టెలో పెట్టి డెబ్బై ఆరు రోజులయింది. అవి తింటుండగా కూర్చుని చూడడం అదే మొదటిసారి.

నాది బల్బు కిందినుంచి లేచి గిన్నె దగ్గరకు వచ్చింది. తినడం మొదలుపెట్టింది. అవతలి మూలలో వాళ్ళది తల ఎత్తింది. రెండు అడుగులు వేసింది. నాది తినడం ఆపి, మెడ కింద సంచి ఉబ్బించి, అటు తిరిగింది. అంతే. కరవలేదు, బుస కొట్టలేదు. వాళ్ళది వెనక్కి తిరిగి మూలకు పోయి గోడవైపు తల పెట్టుకుంది. పన్నెండు నిమిషాల్లో గిన్నె ఖాళీ అయింది. నాది గిన్నె అంచు నాకి, తిరిగి బల్బు కిందికి పోయి పడుకుంది. ఉన్న వెచ్చని చోటంతా అదే.

ఆ మూలలో థర్మామీటరు పెట్టాను. ఇరవై ఒకటి. ఆ చల్లదనంలో ఉడుముకు తిన్నది అరగదు, అరగదు కనుక ఆకలీ వెయ్యదు. అది నేను చదివిన పుస్తకంలోనే ఉంది. అంటే తిండీ వేడీ రెండూ పెద్దదాని పాలు పడ్డాయి. చిన్నది తనంతట తనే అడగడం మానేసింది.

రెండు చేతులతో ఎత్తాను. చేతికి బరువు తగల్లేదు. తుంటి ఎముకలు తగిలాయి. చర్మం పక్కల్లో మడతలు పడింది. తూకం మీద పెట్టాను. మూడు వందల ఎనభై ఐదు.

ఇది నాకు తెలియని విషయమై ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఆడవాళ్ళ వార్డులో ఒక ముసలామె ట్రే రోజూ ఖాళీగా వచ్చేది, ఆమె మాత్రం రోజురోజుకీ తరిగిపోయేది. వెళ్ళి నిలబడి చూస్తే, రోగికి తోడుగా ఉండే మనిషి తినేస్తోంది. ఆమె తప్పు కూడా కాదు, ఆమెకు తిండి ఎవరూ పెట్టడం లేదు. ఆనాడు నేనే పైవాళ్ళతో పోట్లాడి తోడున్నవాళ్ళకు వేరే ట్రే ఇప్పించాను. దానికి మెచ్చుకుని ఒక కాగితం కూడా ఇచ్చారు, గాజు చట్రంలో పెట్టి వంటశాల గోడకు తగిలించారు. ఆ కాగితం కిందే నిలబడి అమ్మాయిలకు చెప్పేదాన్ని, మనిషిని కాదు, ట్రేను అడగండి అని.

మరునాడు జ్వరంతోనే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. సూడాన్ ఆయన. ఒంటెలూ గొర్రెలూ చూసే ఆస్పత్రి. నా ముందు ఒకాయన మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు ఉడుమును బల్ల మీద పడుకోబెట్టి, నోరు తెరిచి చూసి, పొట్ట నొక్కి చూసి అడిగాడు.

"చివరిసారి ఎప్పుడు తింది?"

నేను సంచిలోంచి నోటుబుక్కు తీశాను. అలవాటు. తెరిచాను. సెప్టెంబరు పంతొమ్మిది నుంచి డిసెంబరు నాలుగు దాకా ఒక్క రోజు వదలకుండా ఉంది. ఆయన అడిగినదానికి మాత్రం అందులో జవాబు లేదు.

"తెలియదు" అన్నాను.

"వారమా? నెలా?"

"తెలియదు డాక్టర్. రెండు నెలలు కూడా కావచ్చు."

ఆయన నన్ను తిట్టలేదు. వెచ్చగా ఉంచమన్నాడు, ఒక్కసారిగా ఎక్కువ పెట్టవద్దన్నాడు. గుడ్డుసొన నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజితో ఐదు మిల్లీలీటర్ల చొప్పున పోయమన్నాడు. "చూద్దాం" అన్నాడు. ఆస్పత్రిలో అంతకాలం పనిచేసినదాన్ని, ఆ మాట ఎప్పుడు అంటారో నాకు తెలుసు.

నా పాత పెట్టె దించి, విడిగా బల్బు పెట్టి, దాన్ని అందులో ఉంచాను. బల్బు ఖరీదు పద్దెనిమిది రియాళ్ళు. ఆ అంకె నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఏడో తారీఖు శుక్రవారం పిల్ల తండ్రి వచ్చాడు. రెండు పెట్టెలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఎంత బరువు ఉండేది, ఇప్పుడెంత ఉంది, ఎవరు తిన్నారు, నేను ఏం చూడలేదు. ఆయన చేతిలోని సంచి కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, సిరంజి అడిగి తీసుకున్నాడు. ఉడుమును తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి చుక్క పక్కకు కారిపోయింది. రెండోదీ అంతే. మూడో చుక్కకు నాలుక బయటికి వచ్చింది. నాకింది.

"ఎత్తుకుంటందమ్మా! సూడున్రి, ఎత్తుకుంటంది!"

ఆ ఒక్క రోజు పన్నెండు మిల్లీలీటర్లు తీసుకుంది. ఆయన పోతూ పోతూ వెనక్కి వచ్చి, బల్బు ఎత్తు కొంచెం సరిచేశాడు. "పిల్లకు ఇప్పుడే చెప్పకున్రి. మంచిగైనంక నేనే చెప్త" అన్నాడు. సరేనన్నాను. ఆ శుక్రవారం ఫోటో పంపలేదు, అంకె పంపలేదు. ఊరినుంచి అడిగితే ఒంట్లో బాగాలేదని రాశాను. నాకు ఒంట్లో బాగాలేదన్నది నిజమే. అలాంటి నిజాలు చెప్పడం అప్పుడే నేర్చుకున్నాను.

సోమవారం తొమ్మిది మిల్లీలీటర్లు. మంగళవారం నాలుగు. బుధవారం నోరు తెరవలేదు. పదమూడో తారీఖు, గురువారం, డ్యూటీకి బయలుదేరేముందు చూస్తే బల్బు కింద పడుకుని ఉంది. కాళ్ళు నాలుగు వైపులా చాపి, నాది పడుకున్నట్టే. ఒక్క క్షణం సంతోషించాను. తాకితే తెలిసింది. బల్బు వేడికి ఒళ్ళు వెచ్చగానే ఉంది, అందుకే తెలియడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

మరునాడు ఆయన వచ్చి, తువ్వాలులో చుట్టినదాన్ని చెప్పుల డబ్బాలో పెట్టుకున్నాడు. దొరికిన తోటలోనే పాతిపెడతానన్నాడు. నేను క్షమించమన్నాను. చేతులెత్తి దణ్ణం పెట్టబోతే గబుక్కున నా చేతులు పట్టుకున్నాడు.

"అట్ల చెయ్యకున్రి అమ్మా. పాపం తగుల్తది మాకు. మీరేం కావాలని జేసిన్రా?"

కావాలని చెయ్యలేదు. నేను ఆ రాత్రంతా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. కావాలని చెయ్యనివాళ్ళు చేసిన పనిని ఏ గడిలో రాయాలి?

ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు ఆయన వచ్చాడు. పీట వేసుకునేవాడు కాదు. భోజనం చేసి, వంటింటి కుళాయి కారుతుంటే బాగుచేసి, వెళ్ళేవాడు. కూతురికి చెప్పారా అని అడిగితే, "చెప్త, చెప్త" అనేవాడు. జనవరి పదకొండున ఊరినుంచి ఆయన భార్య నాకు ఫోను చేసింది. కూతురు ఫోటో కోసం ఏడుస్తోందట, నెల దాటిందట, ఆయన్ని అడిగితే ఫోను ఖరాబైంది అంటున్నాడట. ఒక్క ఫోటో పంపండమ్మా అంది.

నా దగ్గర పాత ఫోటోలు ఉన్నాయి. పంపవచ్చు. నా ఉడుముకే దగ్గరగా ఫోటో తీసి పంపవచ్చు, పది రోజులు ఎవరూ కనిపెట్టరు. ఈ రెండు ఆలోచనలూ నాకు వచ్చాయి, వచ్చాయని రాయడం అవసరమనిపించి రాస్తున్నాను. చెప్పేశాను. అది పోయింది, నా వల్ల పోయింది, రెండు నెలలు నాది దాని తిండి తింటుంటే నేను మీకు లెక్కలు పంపాను అని చెప్పాను.

అవతలనుంచి ఆమె గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"మాకు ఎరుకనేనమ్మా."

"చనిపోయిందనా?"

"గది గాదు. అది తింట లేదని. మీరు ఫోటోలు పంపుతుంటిరి కద. తోక మొదట్ల గుంజుకపోయి కనవడ్డది. నేను ఆయనకు చెప్పిన. అమ్మతోని ఒక మాట అనుమన్న. ఆయన ఎట్లంటమే అన్నడు. మన దాన్ని పెద్దామె ఇంట్ల పెట్టి, ఆమె నౌకరి చేస్కుంట దానికింత ఏస్తుంటె, మీరు సక్కగ పెడ్త లేరు అని ఏ మొకం పెట్టుకొని అంటమే అన్నడు. తిర్గిచ్చి మల్లిచ్చి చెప్పిన, మా రూము ముచ్చట చెప్పిన, ఆమె నవ్వింది అన్నడు. బుక్కుల రాసుకుంటది, ఆమెకు మనకన్న ఎక్కువ ఎరుక ఉంటదిలే అన్నడు. నేను గూడ ఊకున్న. అనకపోతిని గద. మాదే తప్పమ్మా."

మాదే తప్పు అంది. ఇంకొకరి ఇంట్లో భోజనానికి కూర్చుని ఉప్పు తక్కువైందని ఎవరూ అనరు. మేమందరం అలాగే పెరిగాము. నేనూ అనను. కాని ఎదుటివాళ్ళు అనలేకపోయింది నా వయసుకు మర్యాద ఇచ్చి మాత్రమే కాదు. ఒక మాట అనబోతే నేను నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టే మనిషిని. వార్డులో నర్సులు కూడా నాతో వాదించడం మానేసి చాలా ఏళ్ళయింది. అది నా పనితనానికి గుర్తు అనుకుంటూ వచ్చాను. అద్దంలోంచి చూసిన ఆ రోజు పెద్దది చిన్నదాన్ని కరవలేదు, మెడ ఎత్తి అటు తిరిగింది, అంతే. ఇంతకంటే నేను చెప్పను.

ఫోనులో గరగరమంది. ఆమె స్పీకరులో పెట్టి మాట్లాడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పిల్ల మొదటినుంచీ వింటోంది. ఏడుపు గొంతు. ముక్కు చీదుకుని అడిగింది.

"అమ్మమ్మా, మరి మీది మంచిగ తింటుందా?"

"తింటోందమ్మా" అన్నాను.

"ఎంత తింటది?"

అది నాకు తెలుసు. ముందురోజు సాయంత్రమే రాశాను, గ్రాముతో సహా. ఆ పిల్ల ఎదురుచూస్తోంది, చెప్పాను.